డిసెంబరు 15: ఖాళీగా నున్న గడి



ప్రతి సంవత్సరమును మహాసభా సమయమున వెలువడు ఈ సంచికలో మన కులమున జన్మించిన పెద్దల జయంతులను, వర్ధంతులను నెలల క్రమమున ప్రకటించుట మనకు చిరకాలమునుండి వచ్చుచున్న యాచారము. ఈ యేటి పట్టికను సరిచూచి పంపుమని సంపాదకులు నన్ను కోరిరి. జనవరితో మొదలిడి యొక్కొక్క గడియే చూచుచు డిసెంబరు నెలకు వచ్చితిని. 15వ తేది గడి ఖాళీగా నుండెను. ఆనాడు పుట్టిన పెద్దగాని గతించిన పెద్దగాని మనవారిలో లేనందున దాని నట్లే విడిచియుందురు. నియమమునుబట్టి చూచిన నందు తప్పేమియు లేదు. కాని యా ఖాళీ గడిని చూచినకొలదియు నా మనస్సున నొక సంకోచము పొడమినది. మనము నివసించుచున్న జిల్లా పేరే ఆ తేదిన గతించిన యొక మహనీయునిది. 2008వ సంవత్సరమునుండి మన నెల్లూరు జిల్లా శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాగా వ్యవహరింపబడుచున్నది. ఆయన మరణించినది 1952 డిసెంబరు 15. మన యింటి గుమ్మముపై నున్న పేరు మన పట్టికలో లేదు.

శ్రీరాములుగారు వైశ్యకులమున జన్మించినవారు. మన కులమువారు కారు. కావున వారి పేరు వేరొక సంఘమువారి పట్టికలో నుండును గాని మన పట్టికలో నుండదు. ఇది సబబేనా యను ప్రశ్న నన్ను విడువలేదు. అందుచేత పట్టికతోపాటు ఈ వ్యాసమును గూడ సంపాదకులకు పంపుచున్నాను. ఒక్క తేదినిగూర్చియే ఇందు వ్రాసితిని. ఆ తేదిన జరిగిన సంగతులను వరుసగా చెప్పి, కడపట నా మనవిని మీ ముందుంచెదను.

ముందుగా తేది యన నేమో కొంచెము విచారింతము. మా సీతారామపురము వెలిగొండల దాపున నున్న యూరు. మా పెద్దలకు తేదులతో పనిలేదు, తిథులతోనే పని. తండ్రి యాబ్దికము ఏ మాసమున, ఏ పక్షమున, ఏ తిథినాడు వచ్చునో అక్షరము రాని కాపు సైతము తడుముకొనక చెప్పగలడు. కాని తాను పుట్టిన దెన్నడని యడిగిన, శివరాత్రి మరునాడనియో, పెద్ద గాలివాన వచ్చిన యేటికి ముందటి యేడనియో చెప్పును. నన్ను బడిలో వేయుటకు మా నాయన తోడ్కొని పోయినప్పుడు అయ్యవారు పుట్టినతేది యడిగిరి. మా నాయన, "నారు పోసేనాటికి వీడు పొత్తిళ్ళలో ఉండాడయ్యా" అని చెప్పిరి. అయ్యవారు నవ్వి, రిజిష్టరులో జూలై 1 అని వ్రాసికొనిరి. నాతో చదివినవారిలో పెక్కురకు పుట్టినదినము ఆ జూలై 1వ తేదియే. బడిలో చేర్చుకొనుటకు కావలసిన వయస్సునకు సరిపడునట్లు వ్రాసినది గావున అందరికి నది యొక్కటే యయ్యెను. ఉద్యోగమున చేరినది, విరమించినది ఆ తేదినిబట్టియే. నేను నిజముగా పుట్టిననా డేదియో చెప్పగల మా యమ్మ గతించి చాలకాలమైనది.

ఇది మా పల్లెవారి అజ్ఞాన మని యెవ్వరును నవ్వబనిలేదు. సర్దార్ వల్లభాయి పటేలుగారి జన్మదినమైన అక్టోబరు 31వ తేదిని 2014వ సంవత్సరమునుండి దేశమంతయు జాతీయ ఐక్యతా దినముగా జరుపుచున్నది. కాని వారు జన్మించిన తేదిని ఎచ్చటను నమోదు చేసియుండలేదు. మెట్రిక్యులేషను పరీక్షకు పోవునప్పుడు 1875 అక్టోబరు 31 అని వారే వ్రాసికొనిరి. గుజరాతు దేశపు రైతుబిడ్డకును, మా సీతారామపురపు రైతుబిడ్డకును ఈ విషయమున భేదము లేదు.

రాజుల సంగతియు కొంత యిట్టిదే. మన ఉదయగిరి దుర్గమును శ్రీకృష్ణదేవరాయలు గజపతులనుండి 1514లో సాధించిరి. ఆ విజయానంతరము తిరుమలకు పోయి 30,000 బంగారు నాణెములతో శ్రీవారికి కనకాభిషేకము చేయించిన దినము, 1514 జూలై 6వ తేదికి సరియైనది, కొండమీది శాసనములలో చెక్కబడి యున్నది. అంతటి చక్రవర్తి గతించిన దినముమాత్రము మనకు బహుకాలము తెలియదు. కర్ణాటకమున తుమకూరు ప్రాంతమునందలి హొన్నేనహళ్ళిలోని యొక శాసనమునుబట్టి ఆయన 1529 అక్టోబరు 17వ తేదిన గతించెనని 2021లో లోకమునకు వెల్లడియైనది. దాదాపు 500 సంవత్సరములు ఆ దినము ఒక పల్లెటూరి రాతిమీద మౌనముగా నిలిచి యుండెను. వ్రాసినవాడు వ్రాసియుంచెను గనుకనే నేడు మనకు తెలిసినది.

కావున తేది యనునది దైవము గీచిన గీత కాదు. మనుష్యులు కట్టుకొనిన లెక్క. ఆ లెక్కను మనుష్యులే మార్చుకొనిరి గూడ. ఇంగ్లండువారు 1752లో తమ పంచాంగమును సవరించుకొన్నప్పుడు సెప్టెంబరు 2వ తేదికి మరునాడు 14వ తేది యయ్యెను. రష్యావారు 1918వ సంవత్సరమువరకును పాత లెక్కనే యనుసరించిరి. ఒకే తేదిన నలువురు పుట్టుటయు గిట్టుటయు కాకతాళీయము. అందు గ్రహబలమును వెదకుట వ్యర్థము. అయినను ఒకనాటి చరిత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూచినప్పుడు, వేరువేరుగా చూచిననాడు కానరాని సంగతు లొక్కొక్కప్పుడు కానవచ్చును. డిసెంబరు 15 అట్టి తేది.

1950 డిసెంబరు 15వ తేది ఉదయమున బొంబాయి నగరములో పటేలుగారు కాలధర్మము నొందిరి. 500కు పైబడిన సంస్థానములను భారతదేశమున చేర్చిన కార్యము వారిది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానముపై జరిగిన పోలీసు చర్య వారు దేశీయాంగ మంత్రిగా నున్నప్పటిదే. తెలంగాణమునందలి తెలుగువారికి నిజాము పాలన తొలగుట ఆ చర్య ఫలితమే. ఇంతవరకు అందరు నెరిగినదే. ఆంధ్రరాష్ట్ర చరిత్రతో వారికి గల మరియొక సంబంధము అంతగా ప్రచారమున లేదు.

భాషల ననుసరించి రాష్ట్రములు ఏర్పరుపవలెనను కోరిక తెలుగువారిలో 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభనాటినుండియు కలదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఆ విషయమును విచారించుటకు 1948లో ధార్ సంఘము ఏర్పడి, భాషారాష్ట్రములు అప్పటికి వలదని తేల్చెను. ఆ యేటి డిసెంబరులోనే జయపురమున కూడిన కాంగ్రెసు మహాసభ ముగ్గురు పెద్దలతో మరియొక సంఘమును నియమించెను. ఆ మువ్వురు జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభాయి పటేలు, మన భోగరాజు పట్టాభి సీతారామయ్య గారలు. వారి పేళ్ళ మొదటి యక్షరములను బట్టి దానిని జే.వి.పి. సంఘ మనిరి. 1949 ఏప్రిలులో వారు తమ యభిప్రాయమును ప్రకటించిరి. భాషారాష్ట్రముల నిర్మాణమును కొంతకాలము వాయిదా వేయుట మంచిదనియు, ఆంధ్రులు మదరాసు నగరముపై తమ హక్కును వదలుకొన్నచో వారి రాష్ట్రమును గూర్చి యాలోచింపవచ్చుననియు దాని సారాంశము.

ఈ యభిప్రాయమును నేడు తప్పుపట్టుట సులభము. కాని దేశవిభజన జరిగి రెండేండ్లు నిండలేదు. సంస్థానముల విలీన మప్పుడే ముగిసినది. విడివిడిగా నున్న ముక్కలను కుట్టి యొక వస్త్రము చేసినవారికి, మరల కత్తెర పట్టుమనిన భయము కలుగుట సహజము. వారిది ద్రోహచింత కాదు, జాగ్రత్త. అయినను ఆ జాగ్రత్తకు తెలుగువారు చెల్లించవలసి వచ్చిన వెల యెంతటిదో కొన్నేండ్ల తరువాత, సరిగా ఆ డిసెంబరు 15వ తేదియే చూపినది.

శ్రీరాములుగారు 1901 మార్చి 16వ తేదిన మదరాసులో జన్మించిరి. వారి పూర్వులది మన పడమటి ప్రాంతమే. నాటి నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోని పడమటిపల్లె. బొంబాయిలోని విక్టోరియా జూబిలీ టెక్నికల్ ఇన్‌స్టిట్యూటులో పారిశుద్ధ్యపు ఇంజనీరింగు చదివి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగము చేసిరి. భార్యయు, పసిబిడ్డయు గతించిన పిమ్మట ఉద్యోగమును విడిచి, గాంధీమహాత్ముని సబర్మతీ యాశ్రమమున చేరిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమునందు కారాగారమున కేగిరి. క్విట్ ఇండియా యుద్యమమున మరల నేగిరి. కడపటి సంవత్సరములలో వారు నెల్లూరిలో హరిజనసేవ చేయుచుండిరి. ఆ సేవను బోధించు వాక్యములు వ్రాసిన అట్టలను మెడకు వ్రేలాడగట్టుకొని వీథులలో తిరుగుచుండిరి. చూచి నవ్వినవారు లేకపోలేదు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి దేవాలయమున హరిజనులకు ప్రవేశము కల్పింపవలెనని వారు నిరశనవ్రతము పూనిరి. ఆంధ్రరాష్ట్రముకొరకు చేసినది వారి మొదటి నిరశనము కాదు. మొదట ఆకలిగొన్నది గుడి వాకిట నిలుపబడినవారికొరకు.

1951లో ఆంధ్రరాష్ట్రముకొరకు స్వామి సీతారాముగారు, అనగా గొల్లపూడి సీతారామశాస్త్రిగారు, 35 దినములు నిరశనము చేసి వినోబాభావేగారి కోరికపై విరమించిరి. ఫలితము కలుగలేదు. 1952 అక్టోబరు 19వ తేదిన శ్రీరాములుగారు మదరాసులో బులుసు సాంబమూర్తిగారి గృహమున నిరశనము నారంభించిరి. మొదట దానిని లెక్కచేసినవారు తక్కువ. అక్టోబరు గడిచినది, నవంబరు గడిచినది. మదరాసు నగర మెవరిదను వివాదము తెగలేదు. 58వ దినమైన డిసెంబరు 15వ తేది రాత్రి వారు ప్రాణములు విడిచిరి. అప్పటికి వారి వయస్సు 51 సంవత్సరములు.

మరునాటినుండి తెలుగు జిల్లాలు అట్టుడికినట్లు ఉడికిపోయినవి. రైళ్ళు నిలిచిపోయెను, పోలీసు కాల్పులలో కొందరు మరణించిరి. నెహ్రూగారు డిసెంబరు 19వ తేదిన పార్లమెంటులో ఆంధ్రరాష్ట్ర మేర్పడునని ప్రకటించిరి. 1953 అక్టోబరు 1వ తేదిన కర్నూలు రాజధానిగా, టంగుటూరి ప్రకాశముగారు ముఖ్యమంత్రిగా ఆంధ్రరాష్ట్ర మవతరించెను. మదరాసు నగరము మాత్రము రాలేదు. ఆ సంవత్సరాంతముననే రాష్ట్రముల పునర్విభజన సంఘము నియమింపబడెను. 1956 నవంబరు 1వ తేదిన దేశమంతటను రాష్ట్రముల యెల్లలు పెక్కింట భాషల ననుసరించి తిరిగి గీయబడెను. తెలంగాణముతో కలిసి ఆంధ్రప్రదేశ మేర్పడెను. 2014 జూను 2వ తేదిన ఆ రాష్ట్రము మరల రెండయ్యెను. భాష యొక్కటియే రాష్ట్రమును నిలుపజాలదనియు, న్యాయమును గూడ తోడుగా నుండవలెననియు ఈ చరిత్ర మనకు చెప్పుచున్నది.

ఇప్పుడు రెండు మరణములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. దేశమును కలిపినవారు ఒక డిసెంబరు 15న పోయిరి. ఆ దేశములో తమవారికొక యిల్లు కావలెనని కోరినవారు మరియొక డిసెంబరు 15న పోయిరి. వాయిదా వేయుమన్న మువ్వురిలో నొకరు మొదటివారు. ఇక వాయిదా వలదన్నవారు రెండవవారు. ఇరువురును గాంధీమహాత్ముని శిష్యులే. ఒకరిని పొగడుటకు మరియొకరిని తెగడ నక్కరలేదు. భాషారాష్ట్రములు వచ్చిన దేశము చీలునని మొదటివారు భయపడిరి. రాష్ట్రములు వచ్చినవి, దేశము చీలలేదు. పటేలుగారి భయము అబద్ధమగుటయే పటేలుగారి కృషి నిలిచినదనుటకు తార్కాణము.

మన పంచాంగము తెరచినచో ఇంకొక వింత కలదు. ఇంగ్లీషు లెక్కన ఈ రెండు మరణములు ఒకే తేదివి. మన లెక్కన పటేలుగారు పోయినది వికృతి నామ సంవత్సర మార్గశిర శుద్ధమున. శ్రీరాములుగారు పోయినది నందన నామ సంవత్సర మార్గశిర బహుళమున. ఆబ్దికములు పెట్టవలసివచ్చిన, ఒకరిది వెన్నెలలోను మరియొకరిది చీకటిలోను వచ్చును. మాసమొకటే, పక్షములు వేరు. వారిరువురి చరిత్రకు నింతకంటె తగిన పోలిక నేను చెప్పజాలను.

ఈ తేదిన మరణములేగాక జన్మములును కలవు. పోలండు దేశమునందలి బియాలిస్టాకు పట్టణము పూర్వము రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. అచ్చట 1859లో లుడ్విక్ జామెన్‌హాఫ్ అను నాయన జన్మించిరి. ఆ యూరివారి నాటి లెక్కన అది డిసెంబరు 3. నేటి లెక్కన డిసెంబరు 15. ఆ పట్టణమున రష్యనులు, పోలండువారు, జర్మనులు, యూదులు నాలుగు భాషలు మాటలాడుచు ఒకరినొకరు ద్వేషించుకొనుచుండిరి. భాషాభేదమే ద్వేషమునకు మూలమని బాల్యమున తలచిన జామెన్‌హాఫ్, పెద్దయై నేత్రవైద్యము చేసికొనుచునే, ఎవ్వరిదియుగాక అందరిదియు నగు నొక భాషను కల్పించి 1887లో వార్సాలో దాని మొదటి పుస్తకమును ప్రకటించిరి. ఆశ కలవాడని యర్థమిచ్చు ఎస్పెరాంటో యనునది అందు వారు పెట్టుకొన్న మారుపేరు. క్రమముగా అదియే భాషకు పేరయ్యెను. ఆ భాష నభ్యసించినవారు నేటికిని డిసెంబరు 15ను పండుగగా జరుపుకొందురు. జామెన్‌హాఫ్ 1917లో గతించిరి. వారి సంతానము మువ్వురును రెండవ ప్రపంచయుద్ధ కాలమున నాజీల చేతిలో హతులైరి. ద్వేషమునకు భాష యొక సాకుమాత్రమే; భాష యొక్కటియైనను ద్వేషించువాడు వేరొక సాకును వెదకికొనును.

తన భాషవారికొరకు ప్రాణము లిచ్చినవారును, అన్ని భాషలవారికొరకు ఒక భాషను కూర్చినవారును ఒక తేది పంచుకొనుట విరుద్ధముగా తోచవచ్చును. నాకట్లు తోచదు. తన భాషలో తన మాట వినబడవలెనని కోరుటయు, ఎదుటివాని మాట తనకు తెలియవలెనని కోరుటయు ఒక్క కోరికకే రెండు ముఖములు. కలెక్టరు కచేరీలో తన యర్జీ తనకు తెలియని భాషలో చదువబడుచుండగా చేతులు కట్టుకొని నిలిచిన రైతునకు ఈ రెండును ఒక్కటే.

మరియొక జన్మము మన యింటిదే. బాపు అని లోకము పిలుచుకొన్న సత్తిరాజు లక్ష్మీనారాయణగారు 1933 డిసెంబరు 15వ తేదిన పశ్చిమగోదావరి ప్రాంతమున జన్మించిరి. మదరాసులో చదివిరి, 1955లో న్యాయశాస్త్ర పట్టము పొందిరి, వకీలు వృత్తి నవలంబింపక కుంచె పట్టిరి. సాక్షి, సంపూర్ణ రామాయణము, ముత్యాలముగ్గు మొదలగు చలనచిత్రములను ముళ్ళపూడి వెంకటరమణగారితో కలసి తీసిరి. వారి చేతివ్రాతయే అచ్చక్షరములై నేడు పెండ్లిపత్రికలమీదను పుస్తకముల యట్టలమీదను మనకు కానవచ్చుచున్నది. 2014 ఆగస్టు 31వ తేదిన వారు మదరాసులోనే గతించిరి. శ్రీరాములుగారు పోయిననాటికి వారికి సరిగా 19 ఏండ్లు నిండినవి. ఆ నగరము ఆంధ్రులకు దక్కలేదని నాటివారు దుఃఖించిరి. కాని తెలుగక్షరమునకు కొత్త సొగసు దిద్దిన చేయి ఆ నగరముననే యుండి దిద్దినది. ఎల్లలు గీచినంతమాత్రమున భాష ఊరు విడిచిపోదు.

దూరదేశపు సంగతి యొక్కటి చెప్పి ఈ వరుస ముగించెదను. అమెరికా సంయుక్త రాష్ట్రములవారు తమ రాజ్యాంగమునకు చేర్చుకొన్న మొదటి పది సవరణలు 1791 డిసెంబరు 15వ తేదిన అమలునకు వచ్చినవి. వాక్స్వాతంత్ర్యము, శాంతముగా సభ కూడు స్వాతంత్ర్యము, ప్రభుత్వమునకు తమ కష్టములను విన్నవించుకొను స్వాతంత్ర్యము అందు మొదటివి. మనము నేడిచ్చట సభ కూడి, ఇట్టి సంచికను ప్రకటించుకొనుచున్నది అట్టి స్వాతంత్ర్యము మన రాజ్యాంగమునందును ఉండుటచేతనే. అయితే ఆ స్వాతంత్ర్యములు వ్రాయబడిననాడు ఆ దేశమున నల్లవారు ఇంకను బానిసలుగనే యుండిరి. అచ్చటను పట్టికలో కొందరి గడులు ఖాళీగా విడువబడెను.

ఇక నా మనవి. కులసంఘములు తమ పెద్దలను స్మరించుట తప్పు కాదు. మన తాతలకు బడి లేనినాడు సంఘము విద్యార్థి వసతిగృహమును పెట్టెను. జీతము కట్టలేనివానికి జీతము కట్టెను. అందు చదివి పైకి వచ్చినవారిలో నేనొకడను. ఆ ఋణమును నేను మరువను. అయితే పుట్టుక యనునది మన మెన్నుకొనినది కాదు. మనలో పెక్కురకు పుట్టిన తేదియే నిజముగా తెలియదు. జూలై 1 అని వ్రాసిన యయ్యవారి కలమువలెనే కులమును మనకొక గడిలో వ్రాయబడినది. చావు వచ్చునప్పటికి మాత్రము మనిషి తాను చేసినదానితో నిలుచును. మన పల్లెలవారు జన్మతిథిని మరచినను మరణతిథిని మరువకుండుటలో ఈ వివేకమే యున్నదని నేననుకొందును. పుట్టినవా డెట్టివాడగునో ఆనాడెవ్వరికి తెలియును? పోయినవాడెట్టివాడో ఊరంతయు నెరుగును.

శ్రీరాములుగారిని వైశ్యసంఘమువారు తమ పట్టికలో వ్రాసికొనుట న్యాయమే. కాని మూలాపేట గుడి వాకిట వారు నిరశనము పూనినది తమ కులమువారికొరకు కాదు. మదరాసులో 58 దినములు పస్తుండినది తమ యొక్క జిల్లాకొరకును కాదు. పూర్వుల పడమటిపల్లెతోకూడిన కనిగిరి తాలూకా 1970లో ఒంగోలు జిల్లా యేర్పడినప్పుడు నెల్లూరునుండి విడిపోయినది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశముగారి పేరు పెట్టిరి. అనగా శ్రీరాములుగారి పేరు మోయుచున్న జిల్లాలో వారి పూర్వుల యూరు లేదు. వారు పుట్టిన మదరాసు రాష్ట్రములోనే లేదు. పుట్టుకనుబట్టి వెదకినచో ఆయన మనకు దొరకరు. చేసినదానినిబట్టి వెదకినప్పుడు మాత్రమే దొరకుదురు. అట్టివారిని పుట్టుకనుబట్టియే మన పట్టికనుండి విడుచుట వారి జీవితమునకే యెదురుమాట యగును.

కావున రెండు పనులు చేయవలెనని సభవారిని ప్రార్థించుచున్నాను. మొదటిది: వచ్చు సంచికనుండి మన పట్టికలో డిసెంబరు 15వ తేది గడిని ఖాళీగా విడువక, అందు శ్రీరాములుగారి పేరు వ్రాయవలెను. కులము వ్రాయనక్కరలేదు, చేసిన పని వ్రాసిన చాలును. ఒకసారి ఆ గడిలో అన్యకులజుని పేరు చేరినచో, తక్కిన ఖాళీ గడులలోను అట్టివారు చేరుటకు దారి యేర్పడును. పట్టిక పెరుగుటవలన మన పెద్దల గౌరవము తరుగదు. మంచి పొరుగున నున్న యింటికి విలువ హెచ్చును.

రెండవది: సీతారామపురము, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలోని మన యువకులు ఒక్కొక్కరు ఒక్కొక్క నోటుపుస్తకమును తీసికొని, తమ యూరి వృద్ధులకడ కూర్చుండి, వారికి జ్ఞాపకమున్న జననమరణములను తిథివార సహితముగా వ్రాసియుంచవలెను. పూర్వము ఆ లెక్కలు కరణముల కడ నుండెడివి. 1984లో గ్రామోద్యోగములు రద్దయిన పిమ్మట ఆ వ్యవస్థయు పోయినది. పెద్దల నోటనున్నది వారితోనే పోవుచున్నది. బావి త్రవ్వించినవాడు, కలరా వచ్చిననాడు పారిపోక శవములను మోసినవాడు, చేలో చింతచెట్టు నాటి బాటసారులకు నీడ యిచ్చినవాడు, పురుళ్ళు పోసి పైకము పుచ్చుకొనని మంత్రసాని, వీరి దినములు ఏ శాసనముమీదను లేవు. వ్రాయునప్పుడు మాల మాదిగ వాడలకును పోవలెను. తురక వీథికిని పోవలెను. మనవారివి మాత్రమే వ్రాసినచో మరల ఖాళీ గడులే మిగులును.

చక్రవర్తి మరణదినమును 500 ఏండ్లు దాచి మన కందించినది ఒక పల్లెలోని రాయి. మన తాతల దినములను మనుమల కందించుటకు రాయియైనను అక్కరలేదు. పావలా బలపము చాలునని పూర్వపు అయ్యవార్లు అనుచుండిరి. నేడు కలమును కాగితమును ప్రతి యింటను కలవు. కావలసినది కూర్చుండి యడుగు ఓపిక.

వచ్చు డిసెంబరు 15వ తేదిన ఉదయగిరి కొండను చూచుచు మన యువకులలో నొక్కడైనను ఆ పుస్తకము మొదటి పుటను వ్రాసినచో, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ నాకు తీరినట్లే. సభ జయప్రదమగుగాక.